నల్లమలలో ఎనభై కిలోమీటర్లు

శ్రీశైలం వెళ్ళివచ్చినవాళ్ళు మల్లన్న దర్శనం గురించి చెబుతారు, ఆనకట్ట గురించి చెబుతారు, పాతాళగంగ గురించి చెబుతారు. నేను మాత్రం టైరు గురించి చెప్పబోతున్నాను. ఇందులో భక్తిలోపమేమీ లేదు. 2023 కార్తికంలో మేము ఆ కొండ దిగి, అడవి దాటి, క్షేమంగా బయటపడ్డామంటే మా అమ్మ లెక్కలో అదంతా భ్రమరాంబ చలవ. నా లెక్కలో సగం ఆ తల్లిదే. తక్కిన సగం ఒక నల్లని రబ్బరు చక్రానిది.

ముందు బండి సంగతి చెప్పాలి. అంతకు ముందు సంవత్సరం ఒక డాక్టరుగారి దగ్గర కొన్న ఎస్.యు.వి. అది. కొన్న రోజున డిక్కీలో అడుగు పలక ఎత్తి చూస్తే స్టెప్నీ ఉండవలసిన చోట స్టెప్నీ లేదు.

"స్టెప్నీ ఏదండీ?" అన్నాను.

"దీనికి ఉండదండీ. రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా నడుస్తుంది," అన్నారాయన, పెళ్ళివారికి పిల్లవాడి చదువు చెప్పినంత ధీమాగా.

నాకు నమ్మకం కుదరలేదు. గాలి పోయినా నడిచేదైతే గాలెందుకు కొట్టడం? పైగా స్టెప్నీ లేని బండి అంటే చెంబు లేకుండా ప్రయాణం బయల్దేరినట్టు. మనవాళ్ళకి స్టెప్నీ అనే మాటమీద ఎంత మమకారమంటే, అది ఏ భాషలోంచి వచ్చిందో కూడా మరిచిపోయాం. వేల్సు దేశంలో లనెల్లీ అని ఒక ఊరు. ఆ ఊళ్ళో స్టెప్నీ వీధి. 1904లో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు అదనపు చక్రం తయారు చేసి అమ్మారు. అంతకు ముందు కారున్న దొరలు దారిలో గాలిపోతే అక్కడే చతికిలబడి ట్యూబుకి అతుకు వేసుకునేవారు. ఆ వీధి పేరు ఇంగ్లండులో దాదాపు అందరూ మరిచిపోయారు గాని, మన దేశంలో ప్రతి మెకానిక్ నోటా ఇప్పటికీ ఆడుతోంది. ఇప్పుడా స్టెప్నీయే పోతోంది. ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే యంత్రం, పంక్చరు సరిచేసే సామాను ఉంటే కార్లలో స్టెప్నీ ఉండి తీరాలనే నిర్బంధం లేదని 2020 అక్టోబరు నుంచి మన ప్రభుత్వమే సడలింపు ఇచ్చింది.

మొదటి ఆరు నెలలూ ఆ టైర్లని తిట్టుకోని రోజు లేదు. గతుకు వచ్చిందంటే నడ్డి అదిరిపోయేది. "మన పాత బండి ఇంతకన్న నయం కాదుటండీ?" అని మా ఆవిడ ప్రతి గుంట దగ్గరా అడిగేది. తప్పు బండిది కాదు. రన్‌ఫ్లాట్ టైరు పక్కగోడల్లో దళసరి గట్టి రబ్బరు పొదిగి ఉంటుంది. మామూలు టైరులో గాలి పోతే బండి బరువు మీదపడి పక్కగోడ చితికి, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య కొద్దిసేపట్లో నలిగి పోగులై పోతుంది. రన్‌ఫ్లాట్ గోడ అలా కూలదు. ఆ బరువు తనే మోస్తుంది. ఆ గట్టితనమే గతుకుల్లో మన నడుముకి తగులుతుంది. అది తెలిసి కూడా, ఈసారి టైర్లు అరగగానే మామూలువి వేయించేద్దామనే నిశ్చయానికి వచ్చాను.

ఇంతలో కార్తికమాసం వచ్చింది. మా అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. "ఒరే నాన్నా, మా అమ్మమ్మ శివరాత్రికి చెంచువాళ్ళని తోడు పెట్టుకుని నడిచి వెళ్ళిందిరా ఆ కొండకి. నన్ను కార్లో తీసుకెళ్ళలేవూ?" అంది. దానికి జవాబేముంది?

హైదరాబాదు నుంచి శ్రీశైలం రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చేరేదాకా అది తక్కిన రోడ్లలాంటి రోడ్డే. మన్ననూరు దగ్గర అడవిశాఖ గేటు దాటితే మరో లోకం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు అడవికి ఆ పేరు వచ్చింది. టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు; మధ్య మధ్య చెంచుల పెంటలు; రోడ్డు మీద కాపురం పెట్టిన కోతులు. ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణలోయలోకి మెలికలు తిరుగుతూ దిగి, ఆనకట్ట దాటి, మళ్ళీ అవతలి కొండ ఎక్కాలి. రాత్రి తొమ్మిదినుంచి పొద్దున్న ఆరుదాకా ఆ అడవిలోకి బండ్లు వదలరు. పులుల రాజ్యంలో అది నిషిద్ధవేళ.

దర్శనం బాగా అయింది. కాని కార్తికమాసపు రద్దీ. మూడింటికల్లా బయల్దేరదామనుకున్నవాళ్ళం ఆరు దాటాక గాని కొండ దిగలేదు. చీకటి పడింది. ఈగలపెంటలో టీ తాగుదామని మా ఆవిడ అంటే, నేను గేటు సంగతి చెప్పి ఆపకుండా పోనిచ్చాను. దోమలపెంట దాటి కొంత దూరం వచ్చాం. ఎదురుగా అద్దాల కింద పసుపుపచ్చ దీపం వెలిగి టుంగుమని ఒక శబ్దం వచ్చింది.

నాలుగు చక్రాల బొమ్మ, ఒక్కొక్కదాని పక్కన గాలి ఎంతుందో అంకె. మూడు చక్రాలకి ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. ముందు ఎడమ చక్రానికి పంతొమ్మిది. చూస్తూండగానే పద్నాలుగైంది. తొమ్మిదైంది.

బండి ఆపి, అమ్మ వద్దని కేకలేస్తున్నా వినకుండా దిగి, సెల్‌ఫోను దీపంతో చూచాను. ఆశ్చర్యమేమిటంటే, టైరు చక్కగా నిలబడి ఉంది! కాలితో తన్ని చూచాను. రాయిలా ఉంది. లోపల గాలి లేదని దాని మొహం చూచి చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. గాలి తగ్గితే చెప్పే సెన్సారు లేకుండా ఈ టైర్లు వేయకూడదని ఎందుకంటారో అప్పుడు తెలిసింది. మామూలు టైరు రోగమొస్తే మంచం పడుతుంది. ఇది రోగం దాచుకుని పనిలోకి వెళ్ళే ఇల్లాలి బాపతు.

"ఏమైందిరా?"

"గాలి పోయిందమ్మా."

"స్టెప్నీ మార్చు మరి."

మా అమ్మకి కూడా తెలుసు ఆ మాట. స్టెప్నీ లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్లో సిగ్నలు లేదు. అడవి అంతా కీచురాళ్ళ హోరు. టైము ఏడూ ఇరవై. మన్ననూరు ఇంకా యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. తొమ్మిది దాటితే వెనకనుంచి ఇక ఏ బండీ రాదు. ఆగిపోతే తెల్లారేదాకా ఆగిపోయినట్టే.

బండితో ఇచ్చిన పుస్తకం తీశాను. గంటకి ఎనభై కిలోమీటర్లు మించని వేగంతో ఎనభై కిలోమీటర్లు పోవచ్చునని వ్రాసి ఉంది. ప్రాణం లేచివచ్చింది. కాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదివాను: బరువు, ఎండ, రోడ్డు తీరు, అంతకు ముందు తక్కువ గాలితో నడిపిన దూరం, వీటినిబట్టి అది తగ్గిపోవచ్చునట.

ఆ చివరి మాట దగ్గర నా గుండె ఆగింది. ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

ఆ టైరు ఆ రోజే ఉన్నట్టుండి మొరాయించలేదు. మూడు వారాల ముందునుంచీ అది చెబుతూనే ఉంది. ముప్ఫై మూడు ఉండవలసింది ఇరవై ఎనిమిదికి దిగితే బంకులో గాలి కొట్టించాను. వారం తిరగకుండా మళ్ళీ దిగింది. చలికాలం కదా అనుకున్నాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. పది డిగ్రీల చలి పెరిగితే గాలి ఒత్తిడి దాదాపు రెండు పౌన్లు తగ్గుతుంది. కాని చలి నాలుగు చక్రాలకీ సమానమే గదా! ఒక్కదానికే ఎందుకు తగ్గుతోందని చూడవద్దా? ఆ రోజు పొద్దున్న శ్రీశైలంలో ఇరవై ఏడు చూపించింది. దర్శనానికి ఆలస్యమవుతుందని, వచ్చాక చూద్దామనుకున్నాను. పుస్తకంవాడు ఇచ్చిన ఎనభై కిలోమీటర్లలో ఎన్ని అలా నాకు తెలియకుండా ఖర్చయిపోయాయో!

ఎవరితోనూ అనలేదు. బండి కదిలించాను. నలభైకి మించలేదు. గాలి లేని గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది. ఆ వంగడంలో వేడి పుడుతుంది. చివరికి దాన్ని చంపేది ఆ వేడే. వేగం పెరిగితే వేడి పెరుగుతుంది. అందుకే ఆ హద్దు. ఏసీ ఆపి, అద్దం దించి, వాసన చూస్తూ నడిపాను. రబ్బరు కాలిన వాసన వస్తే ఆపుదామని. ఆపి ఏం చేస్తానో ఆలోచించలేదు. స్టీరింగు ఎడమకి కొంచెం గుంజుతోంది. వటవర్లపల్లి దగ్గర నాలుగు దీపాలు కనిపించాయి. ఆగుదామా అంది మా ఆవిడ. ఆగి ప్రయోజనం ఏముంది? దాటిపోయాం. అక్కణ్ణించి అమ్మ మాట్లాడ్డం మానేసి లోలోపల పంచాక్షరి మొదలుపెట్టింది. ఒకచోట దుప్పుల మంద రోడ్డు దాటుతోంది. మరో రోజైతే సంబరంగా చూసేవాళ్ళం. ఆ రాత్రి మాత్రం ఒక్కొక్క దుప్పీ నా ఎనభై కిలోమీటర్లని కొరుక్కుతింటున్నట్టనిపించింది.

ఎనిమిదీ నలభైకి మన్ననూరు గేటు దాటాం.

రోడ్డు పక్కన ఒక పంక్చరు షాపు. రేకుల పందిరి, కంప్రెసరు, వేలాడదీసిన పాత టైర్లు. కట్టేయబోతున్న కుర్రవాడు మమ్మల్ని చూచి లైటు వేశాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చక్రం చుట్టూ తిరిగి, ఉమ్మితడితో వెతికి, రబ్బరులో తలదాకా దిగిన మేకు చూపించాడు. మూడు వారాలనించి నాతో కాపురం చేస్తున్నది అదే.

"ఇది మామూలు టైరు గాదు సార్. సైడు మస్తు గట్టిగుంటది. ఈ కడ్డీలతోని ఇప్పితే రిమ్ము కరాబైతది. పట్నంల మిషిను మీద ఇప్పాలె," అన్నాడు.

"పైనుంచి స్ట్రిప్పు వేసి గాలి కొట్టెయ్యి బాబూ. ఇంటికి వెళ్ళిపోతాం," అన్నాను.

"గాలి లేకుంట ఎంత దూరమొచ్చిన్రు?"

"యాభై కిలోమీటర్లు."

అతను తల ఊపాడు. "స్ట్రిప్పు ఏస్తే గాలి నిలవడ్తది సార్. నాకు పైసలొస్తయ్. గానీ లోపల గోడ ఏమైందో నాకేం ఎర్క? మీరు పట్నం రోడ్డెక్కినంక నూరు మీద పోతరు. పెద్దమ్మ ఉన్నది బండిల. నేనైతే ఎయ్య."

నాకు కోపం వచ్చింది. చెప్పవద్దూ, డబ్బు ఎక్కువిస్తానని కూడా అన్నాను. అతను వినలేదు. వాళ్ళింట్లోంచి అమ్మకి మంచినీళ్ళు తెప్పించి, తెలిసినవాళ్ళ జీపు మాట్లాడి మమ్మల్ని అచ్చంపేట పంపించాడు. బండి అతని పందిరి ముందే ఉండిపోయింది. రాత్రి లాడ్జిలో అమ్మ ప్రశాంతంగా నిద్రపోయింది. నేను పోలేదు. మర్నాడు బండిని లారీ మీదికెక్కించి హైదరాబాదు తీసుకొచ్చాం. ఆ అద్దె ఎంతయిందో మా ఆవిడకి నేటికీ సరిగ్గా చెప్పలేదు.

హైదరాబాదులో టైర్ల షాపాయన మిషను మీద టైరు విప్పి లోపల చెయ్యిపెట్టాడు. గుప్పెట తీసి చూపిస్తే నల్లటి పొడి. పక్కగోడ లోపలి రబ్బరు నలిగి రాలిన పొడి అది. గోడ చుట్టూ, లోపలి వైపు, వేలు పట్టేంత గాడి పడింది. బయటినుంచి చూస్తే కొత్త టైరులా ఉంది. స్ట్రిప్పు వేసి నూరు మీద పోయి ఉంటే ఏమయ్యేదో ఆ పొడి చూచాక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. గాలి పోకముందే, అంటే ఆ మేకు దిగిన వారంలోనే తీసుకొస్తే, నడిమి భాగంలో చిన్న కన్నమే గనక లోపలినుంచి అతుకు వేయడానికి కొందరు తయారీదారులు ఒప్పుకుంటారట. గాలి లేకుండా నడిచిన దాన్ని మాత్రం పారేయడమే.

ఇక మామూలు టైర్లా, మళ్ళీ రన్‌ఫ్లాటా అన్న తగాదా వచ్చింది. మా బావమరిది మామూలు పక్షం. ధర తక్కువ, నడుముకి సుఖం, ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. అతని మాట కొట్టెయ్యడానికి లేదు. ఊళ్ళో తిరిగేవాడికి, వీధికో పంక్చరు షాపు ఉన్నవాడికి రన్‌ఫ్లాట్ దండగే. మట్టిరోడ్లు, రాళ్ళదారులు పట్టేవాడికి కూడా మామూలు టైరూ, పూర్తి సైజు స్టెప్నీ మేలని నేనంటాను. పదునైన రాయి పక్కగోడని కోస్తే ఎంత గట్టి టైరైనా ఒకటే. కాని మా బండిలో స్టెప్నీకి గుంటే లేదు. డిక్కీలో నిలబెట్టుకుపోతే సామాన్లు ఒళ్ళో పెట్టుకోవాలి. "మళ్ళీ శ్రీశైలం వెళ్ళమా ఏమిటి?" అని అమ్మ అడగడంతో తగాదా తెగిపోయింది. చీకట్లో, పులుల అడవిలో, ముసలితల్లిని కూర్చోబెట్టుకుని జాకీ పెట్టి చక్రం ఊడదీయడం నాకిష్టం లేదు.

అప్పుడు కూర్చుని టైరు చదవడం నేర్చుకున్నాను. దాని ఒంటిమీద జాతకమంతా ఉంటుంది. 225/50 ఆర్ 18 అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, అందులో సగం గోడ ఎత్తు, 18 అంగుళాల రిమ్ము. పక్కన 99 అంటే ఒక్కో టైరు 775 కిలోలు మోస్తుందని. బండి పుస్తకంలో ఉన్నదానికన్న తక్కువ అంకె కొనకూడదు. రన్‌ఫ్లాట్ అని గుర్తుపట్టడానికి ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క ముద్ర: బ్రిడ్జ్‌స్టోన్ వారిది ఆర్.ఎఫ్.టి., మిషెలిన్ వారిది జెడ్.పి., కాంటినెంటల్ వారిది ఎస్.ఎస్.ఆర్., గుడియర్ వారిది ఆర్.ఓ.ఎఫ్. పుట్టిన తేదీ కూడా ఉంటుంది. నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. నా పాత టైరు మీద 3219 ఉంది, అంటే 2019లో ముప్ఫైరెండో వారం. షాపాయన మొదట తెచ్చిన కొత్త టైరు మీద తేదీ చూచి, అది మూడేళ్ళుగా గోడౌనులో నిద్రపోయిందని కనిపెట్టి వేరేది అడిగితే, ఆయన నన్ను కొంచెం గౌరవంగా చూచాడు. మునుపు గాలి కొట్టమని మాత్రమే తెలిసినవాణ్ణి!

ఒకే ఇరుసు మీద ఒక పక్క రన్‌ఫ్లాటూ, ఇంకో పక్క మామూలుదీ వేయకూడదు. మలుపులో రెండూ రెండు రకాలుగా నడుస్తాయి. అందుకని ముందు రెండూ మార్చాను, అదే కంపెనీ, అదే రకం. విప్పేటప్పుడు రిమ్ము లోపల సెన్సారు ఎక్కడుందో చూచుకోమని కుర్రవాళ్ళకి నేనే చెప్పాను; కడ్డీ తగిలితే అది విరుగుతుంది, ఆ తరవాత గాలి సంగతి చెప్పే దిక్కుండదు. నైట్రోజను కొట్టించుకోమని షాపాయన అన్నాడు. మనం పీల్చే గాలిలోనే నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళు అది ఉందికదా అని, ఉచితమైనదాన్నే పుచ్చుకున్నాను.

ఇప్పుడు ఆదివారం పొద్దున్న కాఫీకి ముందు గాలి చూస్తాను. టైరు చల్లగా ఉండగా చూడాలి. పది కిలోమీటర్లు తిరిగివచ్చి చూస్తే వేడికి అంకె పెరిగి మోసం చేస్తుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర కాగితం అంటించి ఉంటుంది, నిండా జనం ఎక్కితే ఎంతో కూడా. కొన్న ఇన్నాళ్ళకి గాని ఆ కాగితం నా కంటపడలేదు. చేత్తో పక్కగోడ తడిమి ఉబ్బు గాని కోత గాని ఉందేమో చూస్తాను. ఒక్క చక్రానికి రెండు పౌన్లు తగ్గిందంటే అదే రోజు షాపుకి. "దేవుడి గదిలో కూడా ఇంతసేపు కూర్చోరు," అంటుంది మా ఆవిడ.

మరుసటి కార్తికంలో అమ్మని తీసుకుని మళ్ళీ బయల్దేరాను. మన్ననూరులో ఆ రేకుల పందిరి ముందు ఆపాను. అతను అమ్మని గుర్తుపట్టి, "మంచిగున్నవా పెద్దమ్మా?" అన్నాడు. అమ్మ అతని పిల్లలకని తెచ్చిన అరిసెల డబ్బా ఇచ్చింది. నేను నా కొత్త గేజి తీసి నాలుగు చక్రాలూ గర్వంగా కొలిచి చూపించాను. ముప్ఫై మూడు, ముప్ఫై మూడు, ముప్ఫై మూడు, ముప్ఫై మూడు.

అతను తన గేజి తెచ్చి మళ్ళీ కొలిచాడు.

"మీ గేజి ఒకటి ఎక్కువ చూపిస్తున్నది సార్," అని, పైపు తెచ్చి నాలుగింటికీ కాస్త కాస్త గాలి కొట్టాడు. డబ్బు పుచ్చుకోలేదు. గేటు దాటి అడవిలోకి వెళ్ళాం.